ఇంటికొక కార్డు

ఒకే మనిషికి ఒకే దంతం మూడుసార్లు పీకిన ఘనత మా పళ్ళాసుపత్రిది. కింది దవడ, కుడివైపు, చిట్టచివరి దంతం. ఒకసారి ఉగాదికి ముందు, ఒకసారి వానలు పట్టాక, ఇంకోసారి దసరా వెళ్ళాక. మూడుసార్లూ కార్డు మీద మా ఆయన చేతిరాతే, మూడుసార్లూ ఫీజు ముట్టినట్టు టిక్కు. చూసి ఒక్కదాన్నే పడీపడీ నవ్వాను. అదే కార్డులో ఒక ఆడమనిషి బతకడమా పోవడమా అన్నది ఇరుక్కుని ఉందని ఇంకాసేపటికి గానీ నాకు తెలియలేదు.

ఆయన పేరు నేను చెప్పను. మా వైపు ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు. నంద్యాలలో దొరసానుల బడిలో ఎస్సెస్సెల్సీ దాకా చదివినా ఆ అలవాటు నన్ను వదల్లేదు. జరిగినదానికంతా ఆ అలవాటే మూలం కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

మా ఆయన మద్రాసులో పళ్ళ వైద్యం నేర్చుకొని, కర్నూలు రాజధాని అయిన ఏడు నంద్యాలలో ఆసుపత్రి తెరిచారు. జిల్లాకు రాజధాని వచ్చింది, ఆఫీసర్లు వస్తారు, ఆఫీసర్లకు పళ్ళుంటాయి, పళ్ళన్నాక పుచ్చకుండా ఉంటాయా అని ఆయన లెక్క. ఆ ఆఫీసర్లెవరూ కర్నూలు దాటి మా మెట్లెక్కలేదు. మూడేళ్ళకు రాజధానే మూటాముల్లే సర్దుకొని హైదరాబాదు పోయింది. మాకు మిగిలింది బజారులో మిద్దె మీద రెండు గదులు, లారీలో తెప్పించిన ఒక పాత కుర్చీ, కాలితో తొక్కే డ్రిల్లు మిషను, ఇల్లంతా లవంగనూనె వాసన.

వారానికొకసారి, సంతనాడు, పట్కార్లూ సూదులూ ట్రంకుపెట్టెలో సర్దుకొని, కాంపౌండరును వెంటబెట్టుకొని ఆయన బస్సులో ఆళ్ళగడ్డకు వెళ్ళేవారు. అక్కడ ఒక గది అద్దెకు తీసుకున్నాం. పక్కనే రాతి విగ్రహాలు చెక్కేవాళ్ళుండేవారు. ఆ ఉలి చప్పుడు మా గదిలోంచే వస్తోందనుకొని గడప దాకా వచ్చి తిరిగిపోయినవాళ్ళున్నారు. ధైర్యం చేసి లోపలికి వచ్చినవాళ్ళూ నొప్పి ఓర్చుకోలేనినాడే వచ్చేవారు. పీకించుకొని, గులాబీరంగు నీళ్ళు పుక్కిలించి ఉమ్మేసి, మళ్ళీ ఇటు తిరిగి చూసేవారు కాదు.

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్నట్టుండేది మా సంసారం. పెళ్ళిళ్ళలో డాక్టరుగారి భార్యనని నన్ను ముందు వరసలో కూర్చోబెట్టేవారు. ఇంట్లో వండుకునే బియ్యం మాత్రం మా మామగారు తమ ఊరు బండి ఆత్మకూరు నుంచి పంపితేనే. బియ్యంతోపాటు ఒక మాట కూడా పంపేవారు, "ఆ పట్కార్లు పారేసొచ్చి మడక పట్టి సేద్యం చేసుకోమను" అని. మా ఆయన ఆ మాట విననట్టే ఉండేవారు. బియ్యం మాత్రం తినేవారు.

శివరాత్రి వెళ్ళిన వారంలో కార్డుల పెట్టె తెచ్చి నా ముందు పెట్టారు.

"నువ్వు చదువుకున్నదానివి గదా. ఇయన్నీ చూడు. ఎవరొస్తాండారు, ఎవరు ఒకసారొచ్చి మళ్ళ రావడంల్యా, ఏ ఊరోళ్ళు, ఏ పనికొచ్చినారు. ఆళ్ళగడ్డ గది ఉంచాల్నో తీసేయాల్నో నాకు తెల్లంగా తెలియాల" అన్నారు.

అన్నం పెట్టమని అడిగినంత తేలిగ్గా అన్నారు గానీ, ఆ గది తీసేస్తే నంద్యాల ఆసుపత్రి కూడా ఎన్నాళ్ళో నిలబడదని మా ఇద్దరికీ తెలుసు.

చాప పరిచి కార్డులన్నీ కుప్పలు పోశాను. ఒక్కసారే వచ్చినవాళ్ళొక కుప్ప. మళ్ళీ వచ్చినవాళ్ళొక కుప్ప, అది చిన్నది. కట్టుడు పళ్ళకు కొలత ఇచ్చి పత్తా లేకుండా పోయినవాళ్ళొక కుప్ప. ఆ మూడో కుప్ప చూస్తే నాకు ఒళ్ళు మండింది. అంతకుముందు ఏడు ఒక ముసలామెకు పళ్ళ సెట్టు చేయిస్తే పట్టనే పట్టలేదు. మా ఆయన ప్లాస్టరును తిట్టారు, సెట్టు చేసిన మద్రాసువాళ్ళను తిట్టారు, చివరికి ముసలామె దవడను కూడా తిట్టి డబ్బు వాపసిచ్చారు. ఆ కబురు సంత చుట్టూ పాకి, కొలతలిచ్చినవాళ్ళు కూడా రావడం మానుకున్నారు.

ఆ కుప్పలు చూస్తుండగా దొరికిందే ఆ మూడుసార్లు పీకిన దంతం. కార్డు మీద పేరు ఆళ్ళగడ్డకు అవతల పల్లెలో ఒక పెద్ద రైతుది. పాతకాలపు ఇల్లు, మంచి సేద్యం. నవ్వు ఆపుకుంటూ కార్డు పట్టుకొని కాంపౌండరు దగ్గరికెళ్ళాను. ఆయన మా ఆయన కంటే వయసులో చాలా పెద్ద. వాకిట్లో స్టూలు మీద కూర్చొని, వచ్చినవాళ్ళ పేరడిగి, కార్డు వెతికి తీసి లోపలికివ్వడం ఆయన పని.

"అన్నా, ఈయనకు ఒకే పన్ను మూడుసార్లు మొల్చిందా ఏంది?"

ఆయన కార్డు చూసి తిరిగి ఇచ్చేశాడు. "ఆయప్పొక్కడిదే యాడమ్మా అది? ఆ ఇంటోళ్ళందరిదీ. ఇంటికొక కార్డు."

"మరి ఏ పన్ను ఎవరిదో ఎట్ల తెలుస్తుంది?"

"తెల్సుకొని ఏం జేస్తావ్? పీకి పారేసినంక ఎవరిదైతే ఏంది?" అని, నా మొహం చూసి కొంచెం తగ్గాడు. "ఎవరింటోళ్ళమ్మా అని అడుగుతా. తోడొచ్చినోడు ఇంటిపెద్ద పేరు చెప్తాడు. నలుగురు మొగోళ్ళు కూచ్చున్న తావ ఆడకూతుళ్ళ పేర్లడిగితే నన్ను తన్నరా? ఆయమ్మల్నే అడుగుదామంటే మొగుడి పేరు నోట రాదు. ఇంగేం రాయాల?"

ఆయన అబద్ధం చెప్పలేదు. అలా అడగనందుకే జనం ఆయన్ను మర్యాదస్తుడనేవారు. ఇంకో అనుమానం వచ్చి ఇంట్లోకొచ్చి మా ఆయన పేరున్న కార్డు వెతికాను. పోయిన వేసవిలో మూడు రాత్రులు ఏడ్చి పీకించుకున్న నా దంతం అక్కడుంది, ఆయన ఖాతాలో. చాపమీద కూర్చొని ఆ కార్డు చూస్తుంటే మండుకొచ్చింది. డాక్టరు పెళ్ళాన్ని, కార్డులు సర్దేదాన్ని, నా పన్నుకే దిక్కు లేదు.

ముసలామె పళ్ళ సెట్టు సంగతి అప్పుడర్థమైంది. ఆమె కార్డు తీసి చూస్తే కొలతలు రెండున్నాయి. ముసలామె కొలత పంపాల్సిన చోట ఆమె ఆడబిడ్డ కొలత పంపాం. మా ఆయన దగ్గర డబ్బు ఎందుకు నిలవడం లేదో కూడా అప్పుడే కొంత తెలిసింది. అది చెప్పి సంతోషపెడదామనుకుంటూ, ఆ పెద్ద రైతు కార్డు ఈసారి పైనుంచి కిందికి ఒక్కొక్క వరసే చదివాను.

దసరాకు ముందు సంతనాడు రాసిన వరస ఇది. నాలుక ఎడమ అంచున పుండు, గట్టిగా ఉంది, నెల దాటిందంటోంది. రెండు వారాలకు తప్పకుండా రావాలి. మానకపోతే కర్నూలు పంపాలి. ఆ ఆఖరి మాట కింద గీత కూడా ఉంది.

దాని కిందనే దసరా వెళ్ళాక రాసిన వరస. కింది దవడ కుడివైపు చివరి దంతం పీకడమైనది. పుండు మానింది.

నాకు నవ్వు పోయింది. ఆ దంతం పీకించుకున్నదెవరు? పుండున్నదెవరు?

సాయంత్రం మా ఆయన కాళ్ళు కడుక్కొని కూర్చోగానే కార్డు చేతికిచ్చాను.

"మానిందని రాసినా గదా" అన్నారు.

"ఎవరికి మానింది?"

ఆయనకు ముందు కోపం వచ్చింది. పొద్దున్నించీ నిలబడి పనిచేసొస్తే పెళ్ళాం లాయరులాగా అడుగుతోందని విసుక్కున్నారు. తర్వాత కార్డు దీపం దగ్గర పెట్టుకొని ఆ రెండు వరసలూ మళ్ళీ మళ్ళీ చదివారు.

సంతలో ఆ గది ఎట్లా ఉండేదో నేనూ ఒకట్రెండుసార్లు చూశాను. నోరు తెరవమంటే ఆడవాళ్ళు పైటకొంగుతో కళ్ళు కప్పుకునేవారు. పరాయి మగాడి ముందు నోరు తెరవడమే సిగ్గు, ఆపైన అతని మొహం చూడటమా! కొంగు కింద తెరిచిన నోరొకటే ఆయనకు కనబడేది. అద్దం పెట్టి చూసి, పట్కారు పట్టి, తర్వాతి మనిషిని పిలిచేవారు. ఆ ఊళ్ళల్లో ఆడవాళ్ళ నోళ్ళన్నీ చూసిన మనిషి, వాళ్ళలో ఒక్కరి మొహం చూసి గుర్తుపట్టలేడు.

కార్డు పక్కన పెట్టి, "చేతులు" అన్నారు. "కొంగు పట్టుకున్న చేతులు గుర్తుండాయి. దంతం పీకించుకున్నామె చేతి నిండా గాజులు. పడుచుపిల్ల. కార్డులో పుండని ఉంటే నాలుక ఎత్తి చూసినా. ఏమీ లేదు. మానిందని రాసినా." ఆగి, "పుండు ఉన్నామె చేతికి గాజుల్లేవు" అన్నారు.

పొద్దున్నే మొదటి బస్సుకు బయల్దేరాం. నాకు ఆయన మీద జాలి, ఆ కాంపౌండరు మర్యాద మీద కోపం, ఈ పేర్లు పలకని లోకం మీద కసి, అన్నీ ఒకేసారి పుట్టుకొచ్చాయి. ఆళ్ళగడ్డలో ఎద్దులబండి మాట్లాడుకొని పల్లెకు చేరేసరికి ఎండ నెత్తికెక్కింది.

పెద్ద రైతు అరుగు మీదనుంచి లేచొచ్చాడు. "ఏంది డాక్టరప్పా, కబురన్నా చేయకుండా ఇంతదూరం? రాండి, కూచ్చోండి" అని మజ్జిగ తెప్పించాడు. మా ఆయన మజ్జిగ ముట్టకుండానే, నాలుక మీద పుండు ఎవరికని అడిగారు.

"ఎవరికీ ల్యా. మా ఇంట్లో అందరూ బాగుండారు. మా చెల్లెలికేదో ఉన్న్యాది గానీ మానిపాయెనని మీరే చెప్పిరంట గదా."

నేను ఇక ఆగలేదు. లోపలికి, అక్కడనుంచి పెరట్లోకి వెళ్ళాను. మొగుడు పోయి పుట్టింటికొచ్చి, అన్న పిల్లలను పెంచి, అన్న పశువులను చూసుకుంటూ ఉన్న చెల్లెలు ఆమె. నలభై ఏళ్ళుంటాయేమో. కొట్టం నీడలో కూర్చొని జొన్న అంబలి తాగుతోంది. తాగుతోందనడం కూడా ఎక్కువే, తల ఒకవైపుకు వంచి కొంచెం కొంచెం గొంతులోకి జార్చుకుంటోంది. పక్కన వక్కాకు సంచి ఉంది, మూతి ముడిచి, చాన్నాళ్ళుగా విప్పనట్టు.

డాక్టరు భార్యనని చెప్పి, నోరు చూపించమన్నాను. నా ముందు కళ్ళు కప్పుకోలేదు. పట్టపగటి వెలుతురులో నా కళ్ళలోకి చూస్తూనే నోరు తెరిచింది. నాలుక ఎడమ అంచు నాలుకలాగా లేదు. మెడ కింద, దవడ ఎముక పక్కన, వేలు పెడితే గట్టిగా ఏదో తగిలింది. నేను వైద్యం చదవలేదు, అయినా నాకర్థమైంది.

"రెండు వారాలకు రమ్మన్నారు కదక్కా, రాలేదేం?" అన్నాను. నా గొంతులో కోపం నాకే వినబడింది.

"యాడ రాకపోతి పాపా?" అంది. మాట ముద్దగా వచ్చింది. "చెప్పిన పొద్దుకే వచ్చినా. మా చిన్నకోడలికి పన్నునొప్పంటే ఆ పిల్లనూ తోలకొచ్చినారు. ఆ పిల్లను ముందు పిల్సిరి. నేను బయట కూచ్చోనుంటి. ఆ పిల్ల బయటికొచ్చినంక నేను లేచినా. మీ కాంపౌండరప్ప కార్డు చూసి, మీ ఇంటిది అయిపాయెనమ్మా, పుండు మానిందని రాసినాడు డాక్టరప్ప, ఇంగ మీరు పోవచ్చు అన్న్యాడు."

"మరి నీకు నొప్పి ఉంది కదా! నాకు మానలేదని చెప్పకూడదా?"

ఆమె అంబలి గిన్నె పక్కన పెట్టింది.

"అంత చదువుకున్నాయప్ప మానిందని రాస్తే, మానల్యాదని నేనెట్ల చెప్తా పాపా? మానే ఉంటాదిలే, ఈ నొప్పి నా బెమలే అనుకుంటి. సంతోషంగా ఇంటికొచ్చినా ఆ పొద్దు."

అక్కడే, ఆ కొట్టంలో, పేడ వాసన మధ్య కూర్చొని ఏడ్చాను. ఆమె నన్ను ఓదార్చింది.

అన్న మంచివాడు. ఒక్క మాట ఎదురాడలేదు. మరుసటి రోజే చెల్లెలిని కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు, మా ఆయనా వెంట వెళ్ళారు. అక్కడి డాక్టరు మెడ తడిమి చూసి మా ఆయన్ను పక్కకు పిలిచాడట. దసరా రోజుల్లో తెచ్చి ఉంటే ఆ అంచు వరకు కోసి పంపేవాళ్ళం, ఇప్పుడు మెడలోకి దిగింది, మద్రాసులో కరెంటు పెట్టి గడ్డను కాలుస్తారు, పెట్టినా ఎన్నాళ్ళో చెప్పలేం అన్నాడట. మద్రాసు పేరు వినగానే ఆమె ఇంటికి తీసుకుపొమ్మంది. పశువులు ఎదురుచూస్తుంటాయంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మా ఆయన ప్రతి సంతనాడూ పని ముగించుకొని ఆ పల్లెకు బండి కట్టించుకు వెళ్ళి, పుండు కడిగి వచ్చేవారు. మృగశిర కార్తె వచ్చింది, వానలు పడ్డాయి. ఆమె పోయింది.

కాంపౌండరుకు నేనే చెప్పాను. ఆయన స్టూలు మీదనుంచి లేచి, తువ్వాలుతో మొహం తుడుచుకొని, "నేను చెడ్డ మాట చెప్పల్యాదమ్మా. మానిందని రాసుంటే మానిందనే చెప్తి" అన్నాడు. చెడ్డవాడైతే తిట్టి వదిలేసేదాన్ని.

ఆ పెట్టెలో కార్డులన్నీ మళ్ళీ రాశాం. ఇంటికొకటి కాదు, మనిషికొకటి. సంతనాడు నేను కూడా ఆళ్ళగడ్డకు బయల్దేరాను. గదికి వెనక తడక కట్టించి ఆడవాళ్ళను అక్కడ కూర్చోబెట్టి, పేరు నా చెవిలో చెప్పమనేదాన్ని. మొగుడి పేరు నాకక్కర్లేదు, నీ పేరే చెప్పు అంటే మొదట నవ్వేవాళ్ళు. చిన్నప్పటినుంచీ ఎవరూ అడగని ప్రశ్నలాగా కొందరు కాసేపు ఆలోచించి చెప్పేవాళ్ళు. ప్రతి కార్డు మీదా దవడ బొమ్మ గీసి, ఏ పన్ను ఉంది, ఏది లేదు అని గుర్తు పెట్టేదాన్ని. మళ్ళీ రమ్మన్నవాళ్ళు రాకపోతే వాళ్ళ ఊరివాళ్ళెవరైనా సంతలో కనబడితే కబురు పంపేదాన్ని.

ఆసుపత్రి నిలబడింది. ఈ మాట చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంటుంది, కానీ నిజం. తడక వెనక ఆడమనిషి ఉందని తెలిసి ఆడవాళ్ళు రావడం మొదలుపెట్టారు. నొప్పి ముదరకముందే వచ్చేవారు. ఎవరి కొలత వాళ్ళకే వెళ్ళింది కాబట్టి కట్టుడు పళ్ళు పట్టాయి, పట్టిన కబురు కూడా సంత చుట్టూ పాకింది. రెండేళ్ళకు మా మామగారు బియ్యం పంపడం మానుకున్నారు. మడక మాట కూడా మానేశారు. మా కంచంలో అన్నం చూసినప్పుడల్లా నాకు ఆ అంబలి గిన్నె గుర్తొచ్చేది. ఇప్పటికీ వస్తుంది.

చెల్లెలు పోయిన ఏడాదికి ఆ పెద్ద రైతు భార్యను తీసుకొని ఆళ్ళగడ్డ గదికి వచ్చాడు. మేం మళ్ళీ ఆయన మొహం చూస్తామనుకోలేదు. కాంపౌండరు తల దించుకొని, ఆయమ్మను వెనక తడకలోకి పంపమన్నాడు. పెద్ద రైతు పంపలేదు. బెంచీ మీద ఊరి మగవాళ్ళందరూ కూర్చొని ఉండగా భార్య పేరు గట్టిగా చెప్పి, "రాసుకో" అన్నాడు. ఆమె సిగ్గుతో చచ్చిపోతూ గోడవైపు తిరిగింది. "ఆ పొద్దు ఈ పనే జేసుంటే నా చెల్లెలు ఉండేదప్పా" అని అక్కడే కూలబడ్డాడు. పక్కన ఉలి చప్పుడు వినబడుతూ ఉంది.

ఆ చెల్లెలి కార్డు నా దగ్గరే ఉంది. కర్నూలు వెళ్ళే ముందు కొట్టంలో కూర్చొని రాసిన కార్డు, పైన ఆమె సొంత పేరు. పేరు రాసి చదివి వినిపిస్తే, "ఇదేనా నా పేరు?" అని అక్షరాలను వేలితో ముట్టుకుంది. ఆ పేరు కూడా ఇక్కడ రాయను. ఆమె నా చెవిలో చెప్పింది, నలుగురిలో చెప్పడానికి కాదు.

పంతొమ్మిదివందల అరవైలో అనుకుంటాను, నాకు బుగ్గ లోపల చిన్న పుండు వేసింది. పన్ను గీసుకున్నదే. మా ఆయన కుర్చీలో కూర్చోబెట్టి, దీపం దగ్గరికి లాగి, నా కార్డు మీద రాసుకున్నారు. వారం తర్వాత మళ్ళీ కూర్చోమన్నారు. పుండు పోయిందని నాకు తెలుసు, నొప్పి లేదు, కారం తింటున్నాను. అయినా నా నోరు తెరిపించి, ముందు నా మొహంలోకి నిదానంగా చూశారు. తర్వాత నోట్లోకి చూశారు. తర్వాత మళ్ళీ మొహంలోకి చూశారు. కార్డు మీద, "నేడు కనబడలేదు. మళ్ళీ చూడాలి" అని రాశారు.

"మానిందని రాస్తే అయిపోతుంది కదండీ" అన్నాను.

కలం మూత పెట్టి, లేచి, చేతులు కడుక్కోవడానికి పోయారు. అప్పుడు పెట్టె తీసి, కొత్త కార్డులన్నీ ఒక్కొక్కటే చూశాను. మూడేళ్ళలో ఎంతమంది పుండ్లు మానాయో, ఎంతమంది నవ్వుకుంటూ మా మెట్లు దిగి వెళ్ళారో నాకు తెలుసు. ఆ మాట ఒక్క కార్డు మీదా లేదు.